కట్టింది విప్పలేరా సామీ?

మా పెద్దనాయన మొహం నిండా అమ్మవారి మచ్చలు ఉండేవి. ధర్మపురి నుంచి పెన్నాగరం పోయే దారిలో మా ఊరు. ధర్మపురిని జిల్లాగా విడదీసింది 1965లో. నేను చెప్పబోయే కాలానికి అది సేలం జిల్లాలో ఒక తాలూకా. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, ఇదీ మా బతుకు. ఇరవై ఏళ్ళు నిండకముందే పెద్దనాయనకు అమ్మవారు పోసిందట. వేపాకు మీద పడుకోబెట్టి, ఇంటి ముందు వేపమండ కట్టి, ఆశ వదులుకున్నాక మనిషి లేచి కూర్చున్నాడట. ఆ తర్వాత జీవితంలో జ్వరం ఎరుగడు. బావి తవ్వినా, ఎద్దుల్ని అదుపు చేసినా ఆయనదే ముందడుగు.

పెళ్ళయి ఏడేళ్ళయినా బిడ్డలు కలగలేదు. పెద్దమ్మ రావిచెట్టు చుట్టూ తిరిగింది. ధర్మపురి కోట కామాక్షమ్మకు మొక్కుకుంది. తీర్థమల కొండెక్కి స్నానాలు చేసి వచ్చింది. చెట్టుకొమ్మకు గుడ్డపేలికతో ఉయ్యాల కట్టింది. ఏడో ఏడు దాటాక మా అవ్వ ఆమెను పుట్టింటికి పంపేసి పెద్దనాయనకు రెండో పెళ్ళి చేసింది. రెండో ఆమెకూ కడుపు పండలేదు. పంపేసిన పెద్దమ్మను మాత్రం, మాలో మారుమనువు ఆచారం ఉంది గనుక, పాలక్కోడు వైపు భార్య పోయిన ఒకాయనకు ఇచ్చారు. నాలుగేళ్ళలో ఆమెకు ఇద్దరు మగబిడ్డలు. ఆ కబురు మా ఇంటికి చేరిన రోజు అవ్వ అన్న మాట నాకు బాగా జ్ఞాపకం: "ఆ ఊరి నీళ్ళు మంచివి."

మనిషిలో లోపం ఉండవచ్చన్న ఊహ కన్నా నీళ్ళలో మహిమ ఉందన్న ఊహే మా అవ్వకు సులువుగా తోచింది. ఆమెనూ తప్పుపట్టలేను. గొడ్రాలు అన్న మాట మన భాషలో ఎప్పటి నుంచో ఉంది. అన్ని విధాలా ఆరోగ్యంగా ఉండి బిడ్డల్ని కనలేని మగవాడికి వాడుకలో మాట ఏదీ? నపుంసకుడు అంటే అది వేరే సంగతి, పైగా తిట్టు. పేరు లేని లోపాన్ని వెతకాలని ఎవరికి తోస్తుంది?

చాలా ఏళ్ళ తర్వాత ఒక సంగతి చదివాను. బొంబాయిలో ఎ.ఎం. ఫడ్కే అనే వైద్యుడూ ఆయన సహచరులూ 1973లో అమెరికా నుంచి వెలువడే ఒక వైద్య పత్రికలో చిన్న వ్యాసం ప్రచురించారు. మశూచి మగవారి సంతానలేమికి కారణం కావచ్చు అన్నది దాని సారాంశం. వీర్యంలో కణాలే కనిపించని మగవారిని పరీక్షిస్తే, ఒకప్పుడు మశూచి సోకి బతికినవారిలో వీర్యకణాలు నడిచే దారి మూసుకుపోయి ఉండటం వాళ్ళు గమనించారు. ఆ పేజీ చదువుతుంటే మా పెద్దనాయన మొహం కళ్ళముందు నిలిచింది. ఆయనకు ఏ పరీక్షా జరగలేదు. కాబట్టి నేను తీర్పు చెప్పబోవడం లేదు. కాని ఇద్దరు భార్యలకు పుట్టని బిడ్డలు, ఇంటి నుంచి వెళ్ళిన ఆమెకు మరోచోట పుట్టారు. ఈ లెక్కకు వైద్యపుస్తకం అక్కర్లేదు.

ఆ దారి ఎలాంటిదో కొంచెం చెప్పాలి. వృషణంలో పుట్టిన కణం నేరుగా బయటికి రాదు. వృషణం వెనుక అంటుకుని ఎపిడిడిమిస్ అనే మెత్తని ముద్ద ఉంటుంది. చేతికి ముద్దలా తగిలే అది నిజానికి ఒకే ఒక గొట్టం, చుట్టలు చుట్టుకుని ఉంది. విప్పి సాగదీస్తే ఇరవై అడుగుల దాకా వస్తుంది. లోపలి సందు మాత్రం మిల్లీమీటరులో నాలుగో వంతుకు మించదు. కణాలు రోజుల తరబడి అందులో ప్రయాణం చేస్తూ ఈదే శక్తి సంపాదించుకుంటాయి. అక్కడి నుంచి శుక్రవాహిక మొదలవుతుంది. అది అడుగు పైచిలుకు పొడవు, సన్నటి దారం ముడిలా చేతికి గట్టిగా తగులుతుంది. బయట రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్నా లోపలి రంధ్రం గుండుసూది మొన దూరేంత మాత్రమే ఉంటుంది. ఈ ఇరవై అడుగులలో, ఈ అడుగులో ఎక్కడ మూసుకున్నా దారి ఆగినట్టే.

అందరూ మోసపోయేది ఇక్కడే. వీర్యంలో వృషణాల నుంచి వచ్చే భాగం నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళు మాత్రమే. మిగతాదంతా పైనున్న గ్రంథుల నుంచి ఊరే ద్రవం. కింద దారి పూర్తిగా మూసుకున్నా మగవాడికి తేడా తెలియదు. కోరిక తగ్గదు, శక్తి తగ్గదు, చూపుకు ఏ మార్పూ ఉండదు. ఒక బొట్టు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాలి, అంతకు మించి దారి లేదు. హాలండులో లీవెన్‌హుక్ తన కుంటి కటకాలతో వీర్యకణాలను చూసింది 1677లో. మా పెద్దమ్మను పుట్టింటికి పంపేనాటికి ఆ సంగతి రెండు వందల డెబ్బై ఏళ్ళకు పైబడిన పాతది.

మూసుకున్న దారిని తెరవాలని మొదట కత్తి పట్టినవాడిగా అమెరికాలోని ఫిలడెల్ఫియా వైద్యుడు ఎడ్వర్డ్ మార్టిన్‌ను చెబుతారు. సవాయి రోగాల వల్ల ఎపిడిడిమిస్‌లో అడ్డుపడ్డ ఒక మనిషికి, ఆ అడ్డును దాటించి శుక్రవాహికను ఎపిడిడిమిస్‌కు కలిపి, సన్నని వెండి తీగలతో కుట్టాడు. ముందు కుక్కల మీద ప్రయత్నించి చూశాడు. ఈ వివరాలు 1902లో ప్రచురించాడు. ఆ మనిషి భార్యకు గర్భం వచ్చింది. కంటితో చూసి, వేలితో తడిమి చేసిన పని అది. గొట్టానికి గొట్టం కలపడం కాదు. ఎపిడిడిమిస్‌ను కోసి, కారే చోటికి శుక్రవాహిక మూతిని అతికించి, ఆ రెండింటి మధ్య దానంతటదే దారి పడుతుందేమోనని వదిలేయడం. కొందరికి పడింది. చాలామందికి పడలేదు.

మన దేశంలో అప్పటికి ఈ గొడవ ఎవరికీ పట్టలేదు. ఇక్కడ దారి తెరవాలన్న ఆలోచన పెరిగింది దారి మూయడం మొదలుపెట్టాకే. అందులో మన మద్రాసు రాష్ట్రానిది ముందు వరస. 1951 జనాభా లెక్కలకు కమిషనరుగా పనిచేసిన ఆర్.ఎ. గోపాలస్వామి తర్వాత మద్రాసు ప్రభుత్వానికి ప్రధాన కార్యదర్శి అయ్యారు. జనాభా పెరుగుదలను ఆపడానికి శస్త్రచికిత్సే మార్గమని గట్టిగా నమ్మినవారు. 1950ల చివర్లో మద్రాసు రాష్ట్రం ఆపరేషన్ చేయించుకున్న పేదవాడికి ముప్పై రూపాయలూ, అతన్ని తీసుకొచ్చినవాడికి కొంత సొమ్మూ ఇవ్వడం మొదలుపెట్టింది. మగవారి ఆపరేషన్‌కు పావుగంట చాలు, పూర్తి మత్తు ఇవ్వనక్కర్లేదు, కుట్టు చిన్నది. శిబిరాలకు అంతకన్నా అనువైనది లేదు. 1971 జూలైలో కేరళలోని ఎర్ణాకుళంలో ఒక్క నెల నడిచిన శిబిరంలో అరవై వేలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. తర్వాత ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద సుమారు 82 లక్షల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. అందులో 62 లక్షలు మగవారివి. తమిళనాడులో ఆ సంవత్సరం రాష్ట్రపతి పాలన. గవర్నమెంటు ఉద్యోగులకు తలకు ఇన్ని కేసులు తేవాలని లెక్కలు కట్టిన రోజులు మా జిల్లా బడిపంతుళ్ళకు ఇంకా గుర్తున్నాయి.

మా వీధిలో మగ్గం నేసే అన్న ఒకాయన ఉండేవాడు. పేరు ఎందుకు లెండి. 1976లో ఆయనా చేయించుకున్నాడు. అప్పటికి ఒక కొడుకు, ఒక కూతురు. సొమ్ముకోసమా, ఒత్తిడివల్లా అంటే, "రెండూ" అనేవాడు. పదేళ్ళ తర్వాత కొడుకు బావిలో పడి పోయాడు. కర్మలు అయిన నెలకు ఆయన మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. ఆఫీసు ఉద్యోగం చేసేవాణ్ణి, తమిళం చదవడం రాయడం వచ్చినవాణ్ణి గనుక ఆస్పత్రి పని పడితే నన్ను తోడు పిలిచేవాళ్ళు. తమిళంలో కుటుంబ నియంత్రణను కుడుంబ కట్టుప్పాడు అంటారు. మా తెలుగువాళ్ళ నోట అది "కట్టుపాడు" అయింది. "కట్టుపాడు చేసుకున్నాడు" అంటే లోపల ఏదో కట్టేశారని మా అందరి ఊహ. ఊరి పెద్ద డాక్టరు ముందు అన్న నోరు తెరిచి అడిగిన మొదటి మాట: "కట్టింది విప్పలేరా సామీ?"

డాక్టరు తమిళంలో జవాబిచ్చాడు. నేను తెలుగు చేశాను. కట్టలేదు. కోశారు, మధ్యలో చిన్న ముక్క తీసేశారు, రెండు కొసలూ ముడి వేశారు. విప్పడానికి అక్కడ ఏమీ లేదు. మళ్ళీ అతకాలి. అన్న చాలాసేపు నేల చూపులు చూశాడు. పదేళ్ళుగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పించుకోవచ్చు అన్న ఒక్క మాట మీద ఆయన బతికాడని నాకు ఆ క్షణాన తెలిసింది. ఆ మాట ఆయనకు ఎవరు చెప్పారో అడగలేదు. ఒక మాటలోని అక్షరాలే చెప్పి ఉంటాయి.

అతకడం అసాధ్యమేమీ కాదు. కోసిన శుక్రవాహికను మళ్ళీ కలిపి విజయం సాధించిన మొదటి ఆపరేషన్ 1919లో బోస్టన్‌లో క్విన్బీ చేశాడని, దాన్ని 1948లో వెలుగులోకి తెచ్చింది చికాగో వైద్యుడు ఓకానర్ అని చెబుతారు. ఓకానర్ దేశమంతటా ఉన్న మూత్రకోశ వైద్యులకు ప్రశ్నలు పంపి, వాళ్ళ చేతుల్లో జరిగిన ఇలాంటి ఆపరేషన్లను లెక్కగట్టాడు. ఫలించినవి నూటికి నలభై లోపే. మన దేశంలో బొంబాయి వైద్యులు జి.ఎం. ఫడ్కే, ఎ.జి. ఫడ్కే 1967లో 76 మంది వివరాలు ప్రచురించారు. నూటికి ఎనభైమందికి పైగా వీర్యంలో కణాలు తిరిగి కనిపించాయి. సగానికి పైగా జంటలకు గర్భాలు వచ్చాయి. ఆ రోజుల్లో ప్రపంచంలో ఎక్కడా ఇంత మంచి లెక్క అరుదు. అత్యధికంగా కోసిన దేశంలోనే అతికే నేర్పు కూడా పుట్టిందని సంతోషించాలో, ఆ నేర్పు బొంబాయి దాటి ధర్మపురి దాకా రానందుకు బాధపడాలో నాకు తేలలేదు.

1987లో అన్నకు మొదటి ఆపరేషన్ జరిగింది. ఎక్కడ, ఎవరి చేతిలో అన్నది ఇక్కడ అనవసరం. మైక్రోస్కోపు లేదు. ఒక నైలాను పోగు లోపల ఉంచి, దానిపై రెండు కొసలూ చేర్చి కుట్టి, పది రోజులకు ఆ పోగు లాగేశారు. ఏడాది చూసినా వీర్యంలో కణాలు లేవు. "దేవుడి ఇష్టం" అని ఇంటికి పంపారు. ఆ మాట ఆస్పత్రిలో వింటే నాకు మా అవ్వ నీళ్ళ మాటే గుర్తొస్తుంది.

ఇంతలో ప్రపంచంలో మైక్రోస్కోపు దూరపు గది వదిలి ఆపరేషన్ బల్ల మీదికి వచ్చి చాలా కాలమైంది. దాన్ని ముందుగా శస్త్రచికిత్సలో వాడింది చెవి వైద్యులు. స్వీడన్‌లో నీలెన్ 1921లో చెవి ఆపరేషన్‌కు దాన్ని పట్టాడు. పశ్చిమ జర్మనీలో జైస్ కంపెనీ 1953లో ఆపరేషన్ల కోసమే ప్రత్యేకంగా ఒకటి తయారుచేసింది. 1960లో అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో జాకబ్‌సన్ సన్నని రక్తనాళాలను దాని కింద కుట్టి చూపించాడు. నాళాన్ని కుట్టగలిగినవాడు శుక్రవాహికను కుట్టలేడా? ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఎర్ల్ ఓవెన్ 1971లోనూ, అమెరికాలోని సెంట్ లూయిస్‌లో షెర్మన్ సిల్బర్ 1975లోనూ ఆ పని మైక్రోస్కోపు కింద చేశారు. 1977లో ఇద్దరూ తమ తమ ఫలితాలు ప్రచురించారు. ఈ ఓవెనే 1998లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఒకరి చేతిని మరొకరికి అతికిన బృందంలోనూ ఉన్నాడు.

పని ఎలా జరుగుతుందో నాకు వివరించింది, రెండోసారి మేము వెళ్ళిన వేలూరు వైపు ఆస్పత్రిలోని ఒక యువ వైద్యుడు. చిత్తూరు పల్లెల్లో పెరిగినవాడట, మాతో తెలుగులోనే మాట్లాడాడు. మా అన్నకు సగం బరువు అక్కడే దిగిపోయింది. మైక్రోస్కోపు పదిహేను, ఇరవై ఇంతలు పెద్దది చేసి చూపుతుంది. వాడే దారం తలవెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. కంటికి కనిపించని ఆ దారం టేబుల్ మీద పడితే వెతకలేం. మణికట్టు కదలకూడదు, వేళ్ళ కొసలే కదలాలి. ఊపిరి బిగబట్టి కుట్టు వేయాలి. లోపలి పొరకు ఒక వరస, బయటి కండకు ఒక వరస. రెండు వైపులా కలిపి మూడు నాలుగు గంటలు పడుతుంది. మగ్గం మనిషి గనుక అన్నకు దారాల సంగతి వెంటనే అర్థమయింది. "పోగు తెగితే అతికినట్టే కదా. కళ్ళజోడు పెట్టుకుని చేస్తారు, అంతే" అన్నాడు.

కాని అసలు తెలివి కుట్టులో కాదు, కుట్టే ముందు చూసే చూపులో ఉంది. వృషణం వైపు కొసను కోసినప్పుడు వచ్చే బొట్టును గాజుపలక మీద వేసి పక్కనే ఇంకో మైక్రోస్కోపులో చూస్తారు. బొట్టు నీళ్ళలా ఉండి అందులో కణాలు ఉంటే సరే, కొస కొసకు అతికితే చాలు. అది పళ్ళకు రాసే పేస్టులా గట్టిగా ఉండి, కణాల ఊసే లేకుంటే అడ్డు ఇంకా కింద ఉందని అర్థం. శుక్రవాహికను కోసి ఏళ్ళు గడిచాక వెనక పేరుకున్న ఒత్తిడికి ఎపిడిడిమిస్ గొట్టం ఎక్కడో పగిలి అక్కడ మరో అడ్డు పడుతుంది. కణాల తయారీ ఆగదు, దారి మాత్రం రెండు చోట్ల మూసుకుంటుంది. ఈ సంగతి గట్టిగా చెప్పింది సిల్బరే. పాత ఆపరేషన్లు ఎన్నో ఎందుకు విఫలమయ్యాయో దానితో తెలిసింది. పైన చక్కగా అతికారు, కింద మూసే ఉంది. అప్పుడు చేయవలసింది మార్టిన్ చేసిన పనే, శుక్రవాహికను ఎపిడిడిమిస్‌కు కలపడం. కాని ఈసారి మార్టిన్‌లా గుడ్డిగా కాదు. ఆ చుట్టల్లో ఒకే ఒక చుట్టను ఎంచి, దాని నోటికి శుక్రవాహిక నోరు చేర్చి కుట్టాలి. 1978లో సిల్బర్ అది చేసి చూపాడు. ఆ తర్వాతి ఇరవై ఐదేళ్ళలో బర్గర్, మార్మర్, గోల్డ్‌స్టీన్ వంటివాళ్ళు కుట్టు సంఖ్య తగ్గించి, చుట్టను శుక్రవాహిక లోపలికి ఒదిగేలా చేసి పద్ధతిని సులువు చేశారు. సులువు అంటే వాళ్ళకు. ఈ పనిని మగవారి శస్త్రచికిత్సల్లో అన్నిటికన్నా కష్టమైనదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా పెద్దనాయన లాంటి మనిషికి కావలసింది ఈ రెండో పనే. జబ్బు చేసిన అడ్డు చాలావరకు ఎపిడిడిమిస్‌లోనే ఉంటుంది. మశూచి పోయింది. మన దేశంలో ఆఖరి కేసు 1975 మేలో, దేశాన్ని మశూచి విముక్తమని ప్రకటించింది 1977లో. సవాయి రోగాలు, క్షయ, చిన్నప్పుడు వరిబీజం, హెర్నియా ఆపరేషన్లలో పొరపాటున తెగిన శుక్రవాహికలు మాత్రం మిగిలాయి. కారణం ఇదీ అని తేల్చలేని అడ్డులూ మన దేశంలో ఎక్కువే చూస్తున్నారు. కొందరికి పుట్టుకతోనే శుక్రవాహిక ఉండదు. వాళ్ళకు ఏ కుట్టూ పనికిరాదు.

అన్నకు రెండో ఆపరేషన్ 1989లో జరిగింది. బొట్టులో కణాలు కనిపించాయి, కొస కొసకు అతికారు. మూడో నెల పరీక్షలో ఏమీ లేదు. ఆరో నెల మళ్ళీ వేలూరు బస్సెక్కాం. కృష్ణగిరి, వాణియంబాడి, ఆంబూరు దాటేదాకా ఆయన నోరు విప్పలేదు. కాగితం మీద ఇంగ్లీషులో ఉన్న అంకెను నేను చదివి చెప్పాను: కణాలు ఉన్నాయి, కదులుతున్నాయి. "ఉన్నాయా" అన్నాడు. మళ్ళీ "ఉన్నాయా" అన్నాడు.

బిడ్డ మాత్రం కలగలేదు. ఎందుకన్నది ఆ తర్వాత రెండేళ్ళకు అమెరికాలో వెలువడిన ఒక పెద్ద లెక్కలో దొరికింది. ఐదుగురు సర్జన్ల చేతుల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్న 1,469 మంది వివరాలు 1991లో ప్రచురించారు. కోసి మూడేళ్ళ లోపే అతికించుకున్నవారిలో నూటికి 97 మందికి కణాలు తిరిగి వచ్చాయి, 76 జంటలకు గర్భం వచ్చింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళు ఆగినవారిలో 79 మందికి కణాలు వచ్చినా గర్భాలు 44. పదిహేనేళ్ళు దాటితే 71, 30. దారి తెరుచుకోవడం వేరు, బిడ్డ పుట్టడం వేరు. మా అన్న పదమూడేళ్ళు ఆగాడు, అందులో రెండేళ్ళు ఆ మొదటి ఆపరేషన్‌కే పోయాయి. వదినకు అప్పటికి నలభై దగ్గర పడింది. రెండోసారి కూడా కొందరు బంధువులు వంక వదిన మీదే పెట్టారు. అన్న మాత్రం పెట్టనివ్వలేదు. "నేను కోయించుకున్నాను, ఆమె కాదు" అనేవాడు.

ఆ తర్వాత కథ మారిపోయింది. 1992లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో ఒక్క వీర్యకణాన్ని సూదితో పట్టి అండంలోకి పంపే పద్ధతి ఫలించింది. దారి తెరవనక్కర్లేదు, మూసిన చోటుకు వెనక నుంచి సూదితో కణాలు లాగి, ప్రయోగశాలలో గర్భం కట్టించవచ్చు. దారే లేకుండా పుట్టినవాళ్ళకు అది వరమే, కాదనను. కాని లోపం మగవాడిదైనా సూదులు, హార్మోన్లు, మత్తు, అండాలు తీయడం అన్నీ మళ్ళీ ఆడదాని ఒంటి మీదే. ఖర్చు లక్షల్లో, ఒకసారి తప్పితే మళ్ళీ మొదటి నుంచి. కుట్టు పని ఒక్కసారి ఫలిస్తే జంట ఇంట్లోనే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించవచ్చు. కాని కుట్టగల చేతులు తక్కువ, ఏళ్ళ సాధన కావాలి. సూది కేంద్రాలు ఇప్పుడు సేలంలోనూ, హోసూరులోనూ, బస్టాండు పక్కనే. 2021లో ఈ కేంద్రాల కోసం కేంద్రం ఒక చట్టం కూడా చేసింది. ఏది మంచిదో వయసును బట్టి, అడ్డు ఉన్న చోటును బట్టి వైద్యుడు చెప్పాలి. రెండు దారులున్నాయని చెప్పకుండా ఒకటే చూపించడం మాత్రం నాకు నచ్చదు.

అతికే పనిని ప్రభుత్వం గుర్తుచేసుకున్న సందర్భం ఒకటి ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక తమిళనాడు తీరంలో, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులలో ఎందరో ముందే ఆపరేషన్ చేయించుకున్నవారు. వాళ్ళకు ఉచితంగా తిరిగి అతికే ఆపరేషన్లు చేయిస్తామని రాష్ట్రం ప్రకటించింది. అవి చాలావరకు ఆడవారి గొట్టాలు. ఎందుకంటే 1977 తర్వాత మగవాడు ఆ బల్ల మీద నుంచి దిగిపోయాడు, తిరిగి ఎక్కలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్ళయిన స్త్రీలలో ఆపరేషన్ చేయించుకున్నవారు నూటికి 37.9. మగవారిది 0.3.

మా బంధువుల అమ్మాయి ఒకామె ఈ మధ్య నాకు ఫైలు చూపించింది. పెళ్ళయి నాలుగేళ్ళు. ఒక చోట గర్భసంచి గోకారు, ఒక చోట రంగు ఎక్కించి ఎక్స్‌రే తీశారు, ఒక చోట బొడ్డు దగ్గర రంధ్రం చేసి కెమెరా పెట్టి చూశారు. భర్త వీర్య పరీక్ష కాగితం కోసం ఫైలంతా తిప్పాను. లేదు. "ఆయనకెందుకు మామా, బాగానే ఉన్నారు కదా" అంది. నేను వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి మా పెద్దనాయన కథంతా చెప్పాను. పెద్దమ్మ కొడుకులు ఇద్దరూ ఇప్పుడు తాతలయ్యారని, పాలక్కోడు టమోటా మండీలో పెద్దవాడిని ఈ మధ్యనే చూశానని చెప్పాను. ఆ అబ్బాయి మర్నాడు పొద్దున ధర్మపురిలో పరీక్షకు వెళ్ళాడు.

నేతపని అన్న పోయి పదకొండేళ్ళయింది. రేషన్ కార్డు పేరు మార్పించడానికి ఆయన కూతురు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. ప్లాస్టిక్ కవరులో కార్డు వెనక, నాలుగు మడతలుగా, మడతల దగ్గర చిరిగి, వేలూరు వైపు ఆస్పత్రి చీటీ ఉంది. "ఇది దేనికి మామా?" అంది. అది మీ నాన్నది, ఉంచుకో అన్నాను.